జొన్నల గోరీ

పాశమైలారం ఫ్యాక్టరీలు దాటినాక రింగురోడ్డు వైపు ఒక మట్టిబాట పోతుంది. ఆ బాటకు ఎడమ పక్క, కూలిన ప్రహరీ లోపల, గోరీల మీద కట్టిన పాత గుంబజు ఒకటి ఉంది. షిఫ్టు దిగిన కూలీలు ఆ బాటన నడిస్తే గదులకు తొందరగా చేరతారు. అయినా పొద్దు మునిగిందంటే ఒక్కరూ అటు అడుగు పెట్టరు. కంపెనీ గోడ వెంబడి, మురుగు వాసన భరిస్తూ, చుట్టు తిరిగి పోతారు.

బీహారు నుంచి కొత్తగా దిగినవాడికి కూడా మొదట చెప్పే సంగతి అదే. డ్యూటీ సంగతి తర్వాత, కిరాయి గది సంగతి తర్వాత.

"అందుల ఒక గోరీ ఉంది. అది ఖాళీగ ఉండొద్దు. ఖాళీగ ఉన్న రాత్రి... మనిషిని పిలుస్తది."

ఆ చుట్టుపక్కల అది నిజమని ఒట్టేసి చెప్పేవాళ్లున్నారు. నవ్వి కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. కొట్టిపారేసినవాళ్లలో ప్రవీణ్‌కుమార్ ఒకడు — మొన్నటి చలికాలం దాకా.

అతని తండ్రి రాజారావు బందరు దగ్గరి మనిషి. సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి రామచంద్రాపురం వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ప్రవీణ్ ఇక్కడే పుట్టాడు. డిప్లొమా చదివి ఒక కాంట్రాక్టరు దగ్గర సైటు సూపర్‌వైజరుగా చేరాడు. చెడ్డవాడు కాదు. తాగడు, ఒకరి సొమ్ము ముట్టడు. ఒక్కటే లోపం. పని సాగడానికి ఏ మాట అవసరమో ఆ మాట అతని నోట్లోంచి దానంతటదే వచ్చేసేది. "అయిపోయింది సార్." "దార్లో ఉంది సార్." "పొద్దున్నే సార్."

అవి అబద్ధాలని అతనికి ఎన్నడూ తోచలేదు. చాలామందికి తోచదు. మనిషి జారేది పెద్ద పాపం దగ్గర కాదు, ఇలాంటి మాటల దగ్గరే.

ఆ గుంబజు మరమ్మతు పని అతని కాంట్రాక్టరు రాజశేఖర్‌కు వచ్చింది.

గుంబజును కనిపెట్టుకుని ఉండేది అబ్దుల్ వహాబ్ కుటుంబం. ఎన్ని తరాల నుంచో వాళ్లకే తెలియదు. ప్రహరీ మూలన ఇల్లు. వహాబ్‌కు తెల్లగడ్డం, మోకాళ్ల నొప్పులు, చేతిలో ఎప్పుడూ ఒక నూనె దీపం. పని మొదలుపెట్టిన రోజు ఆ ముసలాయన ప్రవీణ్‌ను వెంటబెట్టుకుని అంతా తిప్పి చూపించాడు.

తూర్పు దర్వాజాలో నిలబడి చూస్తే రాతికాల్వలు తోటను నాలుగు మడులుగా కోసినట్టు కనిపిస్తాయి. ఆ కాల్వలు కలిసేచోట ఎత్తైన రాతి అరుగు, చబుత్రా. దాని మీద, అన్ని వైపులా కమాన్లతో, గుంబజు. పైనున్న గోపురం రాతి తామర రేకుల నడుమ నుంచి మొగ్గలా లేస్తుంది. కాల్వల్లో ఇప్పుడు నీళ్లు లేవు. ఎండిన సీతాఫలం ఆకులు, ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి.

"సున్నంల బెల్లం, కరక్కాయ, గుడ్ల సొన కలిపి రుద్దిండ్రు బేటా. గోడల మొహం కనబడేటిదట. ఇప్పుడు సూడు, కంపెనీల పొగకు పెనం అడుగు లెక్క అయింది."

లోపల పక్కపక్కన రెండు నల్లరాతి గోరీలు ఉన్నాయి. ఒకదాని నడుమ కలంపెట్టెలాగా పొడవుగా ఉబ్బెత్తు. రెండోదాని మీద పలకలాగా చదును.

"కలందాన్ ఉన్నది మొగాయనది. పలక ఉన్నది ఆడామెది. యాడికి పోయినా గోరీని గిట్లనే గుర్తు పట్టాలె. కని ఇవి పైపై గుర్తులే. అసలియి కింద ఉన్నయ్."

పక్కగోడలో ఉన్న సన్నటి దారిలోంచి మెట్లు దిగారు. తల వంచితే గాని లోపలికి పోలేని తలుపు. అవతల నేలమాళిగ. అక్కడ ఒక మూసిన గోరీ... దాని పక్కన, నేలలోకి దిగిన రాతి గొయ్యి. మీద రెండు బండలు. వహాబ్ ఒక బండను కొంచెం జరిపి దీపం పట్టుకున్నాడు.

గొయ్యి నిండా జొన్నలు.

ప్రవీణ్ నవ్వాడు. "ఇదేంటి చాచా, గోడౌనా?"

వహాబ్ కూడా నవ్వాడు గాని, మెల్లగా చెప్పుకొచ్చాడు.

"గీ మూసిన గోరీల ఉన్న పెద్దాయన గోల్కొండ కొలువుల సర్దారు. ఆయన పోయినంక ఆయన బేగం సాహెబా దగ్గర కూసోని గీ తోట, గీ గుంబజు కట్టిపిచ్చింది. పెనిమిటి పక్కనే తన గోరీ గూడ తవ్విపిచ్చుకున్నది. ఇగ హజ్‌కు పోయింది. మీ బందరులనే ఓడ ఎక్కింది."

"మా బందరా?"

"అవ్ బేటా. మీరేమో ఆడికెళ్లి వచ్చి ఈడ తేలిండ్రు. ఆమె ఈడికెళ్లి పోయి ఆడ మునిగింది."

తన మాటకు తానే పొట్ట కదిలేలా నవ్వుకున్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"సముద్రంలనే పోయింది, ఈ గోరీకి రానే లేదు. తవ్విన గోరీని ఖాళీగ ఇడిసిపెట్టొద్దు. ఎదురు సూస్తదట. అందుకే పోయేముందు మా పెద్దలకు చెప్పి పోయింది — ఇందుల జొన్నలు పోసి ఉంచుండ్రి, ఏడాదికోసారి పాతయి తీసి గరీబులకు పంచుండ్రి, ఆ పొద్దు గుంకకముందే కొత్తయి నింపుండ్రి అని. షబేబరాత్ పండుగకు ముందు గిప్పటికీ అట్లనే చేస్తం."

"నింపకపోతే?"

వహాబ్ దీపం ఒత్తి సర్దాడు.

"ఒక కరువు సాల్ల గింజ దొర్కలే. ఇంటి మనిషైనా ఉండాలె గదా అని, మా ముత్తాత, పర్‌దాదా, రాత్రంత అందుల పండుకున్నడట. తెల్లారి లేచి వచ్చిండు. కని బతికినన్నొద్దులు మళ్ల దీపం ఆర్పి పండుకోలే. ఏం సూసినవని ఎంతమంది అడిగినా... చెప్పకుంటనే పోయిండు."

ప్రవీణ్ తల ఊపాడు. ముసలివాళ్ల మాటలకు ఊపినట్టే.

పని నెలల తరబడి సాగింది. కమాన్లు తెల్లబడ్డాయి, కాల్వలు శుభ్రమయ్యాయి. చివరికి నేలమాళిగ మిగిలింది. గోడలకు చెమ్మ దిగి, జొన్నల గోరీ రాళ్ల నడుమ సున్నం రాలిపోయింది. మర్నాడు పొద్దున పై అధికారులు పని చూడ్డానికి వస్తున్నారు. గొయ్యిలో జొన్నలు తీస్తే గాని సున్నం పట్టించలేరు.

వహాబ్ చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి ప్రవీణ్ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"పొద్దు గుంకే మగ్రిబ్ అజాన్ కంటె ముందు మళ్ల నింపాలె. మాట ఇయ్యి బేటా."

"మాట చాచా."

మాట ఇవ్వడానికి ఎంతసేపు పడుతుంది? ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టదు.

ఆ మధ్యాహ్నమే వహాబ్ ఇంట్లో గోల లేచింది. మనవరాలు ఖుష్నుమా నిండు చూలాలు. నొప్పులు మొదలయ్యాయి. ఆటో తెప్పించి సంగారెడ్డి ఆస్పత్రికి బయలుదేరారు. వహాబ్ భార్య షాహజాదీ ఆటోలోంచి తల బయట పెట్టి అరిచింది.

"ఏయ్ పిలగా! జొన్నలు మర్సిపోయేవ్! నీ ఇస్త్రీ అంగీ తర్వాత సూస్కో!"

కూలీలు నవ్వారు. ప్రవీణ్ కూడా నవ్వి చెయ్యి ఊపాడు.

జొన్నలు తీసి బస్తాలకెత్తారు. తీస్తుంటే తీస్తున్నట్టే ఉన్నాయి. చబుత్రా మీద ఒక వరుస, దాని మీద ఇంకో వరుస. అడుగు జొన్నలకు పురుగు పట్టింది. తాపీవాళ్లు గొయ్యిలో దిగి సున్నం పట్టించి పైకొచ్చారు. అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. గాలి ఆడడం లేదన్నారు. పొద్దు వాలకముందే చేతులు కడుక్కుని, చెప్పకుండానే వెళ్లిపోయారు.

ప్రవీణ్ పంపిన పని ఫోటోలు చూసి, అప్పుడే రాజశేఖర్ ఫోన్ చేశాడు.

"ఏందయ్యా, పొద్దుగాల సార్లు వస్తుంటే చబుత్రా మీద పురుగుల బస్తాలా? ఫోటోల అవే పడతయ్. గుమ్మడిదలల మనోని కోళ్ల ఫారం ఉన్నది, అటు తోలెయ్. కొత్తయి రేపు తెప్పిద్దాం."

"పంపించేశాను సార్."

అప్పటికింకా పంపలేదు. ఆ మాట అన్నాక పంపాడు. అతని పద్ధతి అదే. ముందు మాట, తర్వాత పని. చాలాసార్లు అది కుదిరేది.

బస్తాలతో ట్రాలీ ఆటో దర్వాజా దాటింది. తోట ఖాళీ అయింది. కింద గోరీ కూడా.

ఎండ ప్రహరీ మీదికి ఎక్కి సన్నబడుతుండగా వహాబ్ ఫోన్ చేశాడు. వెనక ఆస్పత్రి గోల.

"బేటా... ఖుష్నుమాకు కష్టంగ ఉందంటున్నరు. బిడ్డ అడ్డం తిరిగిందట. ఆపరేషన్‌కు తీస్కపోయిండ్రు. నా మనసంత ఆడనే ఉన్నది." ఎవరినో పక్కకు జరగమన్నాడు. "...నింపినవా?"

నిజం చెప్పొచ్చు. చెబితే ముసలాయన అక్కడ కుప్పకూలుతాడేమో. ఎలాగూ పొద్దున కొత్తవి వస్తాయి. ఒక్క రాత్రే కదా. మనసు ఎప్పుడూ ఇలాంటి సందుల్లోంచే దారి చూపిస్తుంది.

"నింపేశాం చాచా."

"బండలు మూసిండ్రా?"

"మూసేశాం."

"అల్లా నీకు మంచి చేయాలె. ఇగ నాకు రంది లేదు."

ఫోన్ జేబులో పెట్టుకునేసరికి ఊరివైపు నుంచి అజాన్ వినిపించింది. రోజూ ఆ వేళకు కమాన్ల గూళ్లలో చేరే పావురాలు గోపురం చుట్టూ తిరిగాయి... ఇంకోసారి తిరిగాయి... వాలకుండానే ఫ్యాక్టరీల వైపు వెళ్లిపోయాయి.

ప్రవీణ్ చూశాడు. కొత్త సున్నం వాసనకు అనుకున్నాడు.

దర్వాజా దగ్గర బండి ఆగింది. ఖుష్నుమా తమ్ముడు కాషిఫ్. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, యూనిఫాంలోనే వచ్చాడు.

"అన్నా, తాత ఫోన్ చేసిండు. ఒక్కసారి గోరీ దగ్గర అక్క కోసం ఫాతెహా చదివి ఆస్పత్రికి రమ్మన్నడు. రెండు నిమిషాలే."

"కాషిఫ్, ఒక్క నిమిషం—"

అతను అప్పటికే మెట్లు దిగాడు.

పైకి వచ్చేటప్పుడు మాత్రం మెల్లగా వచ్చాడు.

"జొన్నలేవి?"

"పురుగు పట్టాయి. పంపించేశాం. పొద్దున కొత్తవి—"

"యాడికి పంపినవ్?"

ప్రవీణ్ నేల చూశాడు. "...గుమ్మడిదల కోళ్ల ఫారానికి."

"గరీబుల ముద్ద కోళ్లకేసినవా అన్నా?" గొంతు పెరగలేదు. తగ్గింది. "తాతకు ఏం చెప్పినవ్?"

ప్రవీణ్ దర్వాజా వైపు చూశాడు.

"చెప్పు."

"నింపేశామన్నాను."

కాషిఫ్ చబుత్రా అంచున కూలబడ్డాడు.

"మా అక్క ఆపరేషన్ బల్ల మీద ఉన్నది."

"కాషిఫ్, నువ్వు కెమికల్ ప్లాంటులో పనిచేసేవాడివి. నువ్వు కూడా ఇవన్నీ..."

"ప్లాంట్ల ప్లాంట్ లెక్క ఉంట. ఇంట్ల ఇంటి లెక్క ఉంట. నేను నమ్ముతన్నో లేదో నాకే తెల్వది అన్నా. కని మా అక్క ఆడ ఉండంగ దీన్ని పరీక్ష పెట్టి సూడ." లేచి నిలబడ్డాడు. "యాడికెళ్లైనా సరే, జొన్నలు తే. నువ్వొచ్చేదాక అది ఖాళీగ ఉండొద్దు. తాతోళ్ల పర్‌దాదా చేసిందే నేను చేస్త."

"పిచ్చా నీకు? అందులో పడుకుంటావా?"

"పిచ్చి నాది కాదు. జల్దీ పో."

ప్రవీణ్ బండి తీశాడు. భయం వల్ల కాదని తనకు తాను చెప్పుకున్నాడు. కుర్రాడి మొహం చూడలేక.

పాశమైలారం దుకాణాల్లో బియ్యం ఉన్నాయి, గోధుమపిండి ఉంది. కూలీలు తినేవి అవే. జొన్నలు అడిగితే ఒక సేటు పైనుంచి కిందికి చూశాడు.

"జొన్నలా? బస్తాలు బస్తాలా? గీ టైంలనా? ఓట్స్ ఉన్నయ్, తీస్కపోతవా? షుగరుకు మంచిది."

ఇంకో దుకాణం మూసేశారు. ఇంకోచోట కిలో ప్యాకెట్లు ఉన్నాయి, అవీ నాలుగో ఐదో. చీకటి పూర్తిగా పడింది. చివరికి కూడలి దగ్గర, పొయ్యి మంట వెలుగులో, జొన్నరొట్టెలు చేసే నర్సింహమ్మ కనిపించింది. బల్ల కింద ఒక నిండు బస్తా.

"పెద్దమ్మా, ఆ బస్తా నాకు కావాలి. ఎంతైనా ఇస్తాను."

"నా పొయ్యి ఆర్పుతవా ఏంది? నువ్వు గుంబజు కాడి సారువు గాదు?"

"అవును."

"జొన్నలెందుకు నీకు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆ పూట మొదటిసారి దాన్ని మింగాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. నర్సింహమ్మ చేతిలో రొట్టె తట్టడం ఆగిపోయింది. పెనం మీది రొట్టె మాడి పొగ వచ్చినా చూసుకోలేదు.

"నా మొగడు సచ్చిన కాన్నుంచి ఏటేటా ఆ గోరీ జొన్నలు తెచ్చుకుంటున్న. నా పిల్లలు ఆ గింజల మీదనే పెరిగిండ్రు. కోళ్లకేసినవా..." బస్తాను తనే బయటికి లాగింది. "తీస్కపో. పైసల మాట ఎత్తకు, మంచిగుండదు."

ఆమే బస్తాను బండి మీదికి ఎత్తించింది. తర్వాత అతని చొక్కా పట్టుకుని ఆపింది. గొంతు తగ్గించింది.

"ఆ పిలగాన్ని మాత్రం అందుల పండనియ్యకు బిడ్డా. ఏడాదంత మూసి ఉన్న గొయ్యి అది. మా ఊళ్లె జొన్నల పాతరలుండె. అందుల గాలి సచ్చి ఉంటది. దిగినోళ్లు మాట్లాడుకుంటనే దిగిండ్రు... సప్పుడు లేకుంట ఒరిగిండ్రు. జల్దీ పో."

తాపీవాళ్ల పాలిపోయిన మొహాలు ప్రవీణ్‌కు గుర్తుకొచ్చాయి.

దారిలో కాషిఫ్‌కు ఫోన్ చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

దర్వాజా దగ్గర కాషిఫ్ బండి అలాగే ఉంది. హెల్మెట్ అద్దానికి వేలాడుతూ ఉంది.

"కాషిఫ్!"

గోపురం ఆ పిలుపును తీసుకుంది. లోపల తిప్పింది. కొంతసేపటి తర్వాత, ఎవరో పేరు నేర్చుకుంటున్నట్టు, మెల్లగా తిరిగి పంపింది. గోపురాలు అలాగే పలుకుతాయి, ప్రవీణ్‌కు తెలుసు. తెలిసి కూడా రెండోసారి పిలవలేదు.

బస్తా భుజాన వేసుకుని ఎండిన కాల్వ పక్కన నడిచాడు. ఫ్యాక్టరీల దీపాలు దూరంగా ఎర్రగా ఉన్నాయి. తోటలోకి వెలుతురు రావడం లేదు. ఆ రోజు కొత్తగా వేసిన సున్నం ఒక్కటే చీకట్లో తెల్లగా కనబడుతోంది.

మెట్లు దిగాడు. తలుపు దగ్గర తల వంచాడు. రెండు చేతులూ బస్తాకే చాలలేదు. ఫోన్ దీపం వెలిగించి కింది మెట్టు మీద గోడకు ఆనించి పెట్టాడు. ఆ వెలుతురు ఎదుటి గోడ మీద పడింది. గొయ్యి మాత్రం నీడలో ఉండిపోయింది.

లోపల గాలి బరువుగా ఉంది. పచ్చి సున్నం వాసన... దాని కింద ఇంకేదో తియ్యటి వాసన, పాత బట్టల పెట్టె తెరిచినట్టు.

కాషిఫ్ కనబడలేదు. 'పైనెక్కడో కూర్చుని ఉంటాడు' అనుకున్నాడు. 'లేదా ఆస్పత్రికి పోయి ఉంటాడు.' త్వరగా పోసేసి, బండ మూసి, బయటపడాలి. అంతే.

బస్తా మూతి విప్పి గొయ్యి అంచున మోకరించి వంచాడు. గొయ్యిలోకి చూడలేదు. ఇక్కడ ఏమీ లేదని రోజూ కూలీలను ఎగతాళి చేసిన మనిషి... ముఖం పక్కకు తిప్పుకుని పోశాడు.

జొన్నలు జలజలా పడ్డాయి.

రాతి మీద పడితే ఆ చప్పుడు గట్టిగా ఉండాలి. లేదు. మెత్తగా పడుతున్నాయి. బట్ట మీద పడినట్టు. గోనెసంచి ఏదైనా మరిచిపోయి ఉంటారు అనుకున్నాడు. బస్తా దులిపాడు.

అప్పుడు మోకాళ్లకు ఏదో తగిలింది.

జొన్నలు. గొయ్యి నిండి, అంచు దాటి, అతని మోకాళ్ల కిందికి జారుతున్నాయి.

ప్రవీణ్ ఖాళీ బస్తా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పగలు ఇందులోంచి చబుత్రా నిండా బస్తాలు తీశారు. ఆటో నిండి, వెనక డాలా తలుపు మూతపడక తాడు కట్టారు. తను పోసింది ఒక్క బస్తా.

ఒక్క బస్తాతో నిండింది.

మిగతా చోటులో... ఏముంది?

ఎలా లేచాడో, ఎలా పరిగెత్తాడో తెలియదు. కాలు తగిలి ఫోన్ బోర్లా పడింది. వెలుగు నేలకు అదుముకుపోయింది. చీకట్లో మెట్లకు మోకాళ్లు కొట్టుకుంటూ, పాకుతూ, చబుత్రా మీదికి వచ్చిపడ్డాడు. చల్లగాలి మొహాన కొట్టింది. దర్వాజా ఎదురుగా ఉంది. బాట అవతల రింగురోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఇంకొంచెం నడిస్తే మనుషులు.

దర్వాజా పక్కన కాషిఫ్ బండి.

ప్రవీణ్ ఆగిపోయాడు.

'నువ్వొచ్చేదాక అది ఖాళీగ ఉండొద్దు' అన్నాడు. చేస్తానన్నాడు. గాలి చచ్చిన గొయ్యిలో చప్పుడు లేకుండా ఒరిగిపోతారంది నర్సింహమ్మ. ఫోన్ ఎత్తలేదు. పిలిస్తే పలకలేదు. తను గొయ్యిలోకి చూడకుండా పోశాడు. మొహం మీద... నోటి మీద...

కింద ఉన్నది దెయ్యమైతే పారిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. మనిషైతే? ఆ కుర్రాడైతే? అటు ఆస్పత్రిలో అక్క, ఇటు గోతిలో తమ్ముడు... వహాబ్‌కు ఏం చెబుతాడు? 'నింపేశాం చాచా' అనా?

ఆ మాట ఒక్కటే తలలో గిర్రున తిరిగింది. నింపేశాం. నింపేశాం.

ఎవరూ చూడటం లేదు. పోయినా అడిగేవాళ్లు లేరు. ఆ రాత్రి ప్రవీణ్‌కుమార్ చేసిన మంచిపని అదొక్కటే, వెనక్కు తిరిగాడు.

మళ్లీ మెట్లు. మళ్లీ తల వంచే తలుపు. బోర్లా పడ్డ ఫోన్ అంచుల చుట్టూ దారమంత వెలుతురు. దాన్ని తీసే తీరిక కూడా లేదు. గొయ్యి అంచున బోర్లా పడుకుని రెండు చేతులతో జొన్నలు తోడాడు. తోడిన కొద్దీ పక్కల నుంచి జారి పూడిపోతున్నాయి. గోళ్ల కిందికి గింజలు దిగాయి. ఊపిరి అందడం లేదు, కళ్ల ముందు చుక్కలు.

"కాషిఫ్... కాషిఫ్... వస్తున్నా, ఓర్చుకో..."

మోచేతి దాకా దిగింది చెయ్యి. బట్ట తగిలింది. పల్చటి బట్ట. ఇంకా లోపలికి పెట్టాడు.

వేళ్లు.

చల్లగా లేవు. ప్రవీణ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది తమ్ముడూ. నేను అబద్ధం చెప్పాను. మీ తాతకు నేనే చెబుతాను, ఇప్పుడే చెబుతాను, కాళ్లు పట్టుకుని చెబుతాను. నువ్వు ఒక్కసారి కదులు... ఒక్కసారి..."

కదిలింది.

వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. ఒక్కొక్కటే... అతని చేతి చుట్టూ.

"బతికే ఉన్నావు! దేవుడా... పట్టుకో, గట్టిగా పట్టుకో, లాగుతాను—"

అప్పుడు పైన తోటలో ఆటో చప్పుడయింది. ఎవరో దూకిన చప్పుడు. చబుత్రా మీద పరుగు. మెట్ల మొదట్లో ఆయాసపడుతూ ఒక గొంతు. సంతోషంతో పొంగిపోతున్న గొంతు.

"అన్నా! మన జొన్నలే దొరికినయ్! కోళ్లకు ఎయ్యకముందే అందుకున్న! పండుకుందామనే దిగిన గని, పానం ఒప్పలే అన్నా. దోస్తుగాని ఆటో పట్టుకొని గుమ్మడిదల దాక ఉరికిన. ఆటో సప్పుడుల నీ ఫోన్ సూసుకోలే. దార్లనే తాత ఫోన్ చేసిండు, అక్కకు ఆడపిల్ల! ఇద్దరు మంచిగున్నరు!"

ఒక క్షణం ఆగాడు కాషిఫ్.

"అన్నా... కిందున్నవా? ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

ప్రవీణ్ చెయ్యి వదిలేశాడు.

ఆ చెయ్యి వదల్లేదు.